టీకా, తవక్కుల్, తోటివాడి ప్రాణం

విజయవాడ నుంచి ఏలూరు వెళ్ళే జాతీయ రహదారి మీద, నూజివీడు, గుడివాడ రోడ్లు కలిసేచోట హనుమాన్ జంక్షన్ ఉంది. అక్కడికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో గన్నవరం విమానాశ్రయం. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు కొందరు అక్కడ లోడర్లుగా, డ్రైవర్లుగా, శుభ్రపరిచే సిబ్బందిగా పనిచేసి పొట్టపోసుకుంటున్నారు. వారిలో మన సోదరులూ ఉన్నారు.

2021 ఏప్రిల్ మొదటి వారం. రమజాన్‌కు ఇంకా కొద్ది రోజులే ఉంది. తోటల్లో మామిడి కోతలు మొదలయ్యాయి. కరోనా రెండో విడత ముంచుకొస్తోంది. ఏప్రిల్ 1 నుంచి 45 ఏళ్ళు నిండిన వారందరికీ టీకా వేయడం మొదలుపెట్టారు. జుమా నమాజు ముగిశాక విమానాశ్రయంలో పనిచేసే నలుగురు సోదరులు మసీదు వరండాలో కూర్చుని వాదించుకుంటున్నారు. మమ్మల్ని చూసి, మీరే చెప్పండి అన్నారు.

మొదటి సోదరుడి మాట: చావు రాసిపెట్టి ఉంటే టీకా ఆపదు, రాసిపెట్టి లేకపోతే కరోనా చంపదు. ఇక టీకా ఎందుకు? రెండో సోదరుడి అనుమానం: అందులో పంది పదార్థం ఏదో కలిపారట, అది హరామ్ కాదా? మూడో సోదరుడు ముప్ఫై ఏళ్ళ యువకుడు. నా ఒళ్ళు నా ఇష్టం, వేసుకోమనడానికి కంపెనీ ఎవరు అన్నాడు. నాలుగో ఆయన అందరికంటే పెద్దవాడు, యాభై దాటినవాడు. ఆయన వాదించలేదు. రమజాన్ అయ్యాక చూద్దాంలెండి అన్నాడు.

ఆ రోజు మేము తోచిన నాలుగు మాటలు చెప్పి వచ్చేశాము. మహమ్మారి అత్యవసర స్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. ఆవేశాలు చల్లారాయి. కాని ప్రశ్నలు మిగిలాయి. రేపు మరో వ్యాధి వచ్చినా ఇవే ప్రశ్నలు తిరిగి వస్తాయి. అందుకే వాటిని ధర్మం వెలుగులో, నిదానంగా పరిశీలించడం అవసరమని భావిస్తున్నాము.

విధివ్రాత నుంచి విధివ్రాతలోకే

మొదటి సోదరుడి మాటలో సగం సత్యం ఉంది. జీవన్మరణాలు అల్లాహ్ చేతిలోనే ఉన్నాయి. ఇది మన విశ్వాసానికి మూలం. అయితే ఆ విశ్వాసం నుంచి ఆయన లాగిన ఫలితం మాత్రం సరైనది కాదు.

ఈ ప్రశ్న మనకంటే ఎంతో ముందు, మనకంటే ఎంతో గొప్పవారి మధ్యనే తలెత్తింది. హిజ్రీ 18వ సంవత్సర ప్రాంతంలో సిరియా, పాలస్తీనా ప్రాంతాల్లో ప్లేగు వ్యాపించింది. చరిత్రలో దాన్ని అమ్వాస్ ప్లేగు అంటారు. హజ్రత్ ఉమర్ (రజి) అప్పుడు ఖలీఫా. సిరియా పర్యటనకు బయలుదేరి సర్గ్ అనే చోటికి చేరేసరికి ఈ వార్త తెలిసింది. ముందుకు వెళ్ళాలా, వెనక్కి మళ్ళాలా? ఆయన ముహాజిర్లను సంప్రదించారు, వారిలో ఏకాభిప్రాయం కుదరలేదు. అన్సార్లను సంప్రదించారు, వారూ రెండుగా చీలారు. ఖురైష్ పెద్దలు మాత్రం ఏకగ్రీవంగా వెనుదిరగమన్నారు. ఉమర్ (రజి) వెనుదిరగాలనే నిశ్చయించారు.

అప్పుడు సేనాని అబూ ఉబైదా (రజి) అభ్యంతరం చెప్పారు. అల్లాహ్ నిర్ణయం నుంచి పారిపోతున్నారా అన్నది ఆయన ప్రశ్న. దానికి ఉమర్ (రజి), తాము అల్లాహ్ నిర్ణయం నుంచి అల్లాహ్ నిర్ణయంలోకే వెళుతున్నామని బదులిచ్చారు. ఒకవైపు పచ్చిక, మరోవైపు బీడు ఉన్న లోయలో ఒంటెలను ఎటు మేపినా అది దైవ నిర్ణయం ప్రకారమే అవుతుంది కదా అని వివరించారు. ఆ తర్వాత అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, అంటువ్యాధి ఉన్న ప్రాంతంలోకి వెళ్ళరాదని, తాము ఉన్నచోట అది వ్యాపిస్తే అక్కడి నుంచి పారిపోరాదని దైవప్రవక్త (సఅసం) ఆదేశించిన విషయం తెలియజేశారు. తన నిర్ణయం దానికి అనుగుణంగా ఉన్నందుకు ఉమర్ (రజి) అల్లాహ్‌ను స్తుతించి వెనుదిరిగారు.

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి: వ్యాధి విధివ్రాత అయితే దాని నుంచి రక్షించే మార్గమూ విధివ్రాతలో భాగమే. ఆకలిని సృష్టించినవాడే అన్నాన్నీ సృష్టించాడు. ఆకలి రాసిపెట్టి ఉందని ఎవరూ అన్నం మానరు. ఒంటెను కట్టేయాలా, అల్లాహ్ మీద భారం వేసి వదిలేయాలా అని అడిగిన వ్యక్తికి, ముందు కట్టి ఆ తర్వాత భరోసా ఉంచమని దైవప్రవక్త (సఅసం) బోధించిన సంగతి మనకు తెలిసిందే. తవక్కుల్ అంటే చేతులు ముడుచుకోవడం కాదు. చేయవలసింది చేసి, ఫలితాన్ని ప్రభువుకు అప్పగించడం.

రెండోది: సర్గ్‌లో వాదించుకున్న ఇరుపక్షాలూ సహాబాలే. అబూ ఉబైదా (రజి) తన సైన్యాన్ని విడిచిరాక ఆ ప్లేగులోనే కన్నుమూశారు. ముఆజ్ బిన్ జబల్ (రజి) కూడా అందులోనే అసువులు బాశారు. వారిని ఎవరూ మూర్ఖులనలేదు. ఉమర్‌ను (రజి) ఎవరూ పిరికివారనలేదు. టీకా వేసుకున్నవాడు వేసుకోనివాణ్ణి అజ్ఞాని అని, వేసుకోనివాడు వేసుకున్నవాణ్ణి విశ్వాసం లేనివాడని నిందించుకున్న మన రోజులను తలచుకుంటే సిగ్గేస్తుంది.

హలాల్ హరామ్ సంశయం

రెండో సోదరుడి అనుమానం తేలిగ్గా కొట్టిపారేయదగినది కాదు. కడుపులోకి, ఒంట్లోకి పోయేది ధర్మసమ్మతమో కాదో అడిగి తెలుసుకోవడం విశ్వాసి లక్షణమే. అయితే అడగడం వేరు, వాట్సాప్‌లో వచ్చింది నమ్మడం వేరు.

కొన్ని టీకాలలో పంది నుంచి తీసిన జెలటిన్ వాడే మాట నిజమే. ఇండోనేషియా ఉలమా మండలి ముందుకు 2018లో ఈ సమస్య వచ్చింది. భారతదేశంలో తయారైన తట్టు, రుబెల్లా టీకా తయారీలో పంది పదార్థం వాడారని, కనుక అది స్వతహాగా నిషిద్ధమని, అయితే దానికి ప్రత్యామ్నాయం లేదు, పిల్లల ప్రాణాలకు ముప్పు ఉంది కాబట్టి నిర్బంధ పరిస్థితిలో వాడటం అనుమతించబడిందని మండలి తీర్పు చెప్పింది. ప్రాణాపాయంలో నిషిద్ధానికీ సడలింపు ఉంటుందనే సూత్రం దివ్యఖుర్ఆన్ ఆధారంగా ఏర్పడినదే. కరోనా టీకాల విషయంలోనూ 2020 డిసెంబరులో యు.ఎ.ఇ. ఫత్వా మండలి ఇదే దృక్పథాన్ని వ్యక్తం చేసింది.

మన దేశంలో వేసింది ప్రధానంగా రెండు టీకాలు. పుణెలో తయారైన కోవిషీల్డ్, హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్. కోవిషీల్డ్ మూల రూపకర్తలలో ఒకరైన ఆస్ట్రాజెనెకా సంస్థ తమ టీకాలో పంది పదార్థాలు లేవని ప్రకటించింది. కోవాగ్జిన్‌లో దూడ రక్తద్రవం ఉందనే వదంతి 2021 జూన్‌లో వ్యాపించింది. కణాలను పెంచే దశలో మాత్రమే దాన్ని వాడతారని, తర్వాత కడిగేస్తారని, తయారైన టీకాలో అది ఉండదని కేంద్ర ఆరోగ్య శాఖ వివరణ ఇచ్చింది. గమనించండి, ఒకే టీకాల కార్యక్రమం మీద మనకు పంది పేరు చెప్పి, మన హిందూ సోదరులకు దూడ పేరు చెప్పి భయం పుట్టించారు. విన్నదల్లా నిర్ధారించుకోకుండా ఇతరులకు చెప్పడమే అబద్ధీకుడు కావడానికి సరిపోతుందని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. ఫోనులో ఒక్క మీట నొక్కి ముందుకు పంపడం కూడా చెప్పడమే.

ఇంకో సంగతి. ఈ విద్య మనకు పరాయిదనుకోవడం పొరపాటు. మశూచికి, తట్టుకు తేడా వివరిస్తూ గ్రంథం రాసినవాడు ముస్లిం వైద్యుడు అర్రాజీ. జెన్నర్ 1796లో మశూచి టీకా కనుగొనక ముందే ఉస్మానియా తుర్కుల దేశంలో మశూచి రసం అంటించి రక్షణ కల్పించే పద్ధతి ఉండేది. అక్కడ దాన్ని చూసిన ఒక ఆంగ్ల రాయబారి భార్య 1721లో ఇంగ్లాండులో దాన్ని ప్రచారంలోకి తెచ్చింది. మెనింజైటిస్ టీకా లేనిదే హజ్ వీసా ఇవ్వరన్న సంగతి యాత్రికులకు తెలుసు. 2021లో సౌదీ ప్రభుత్వం తమ దేశంలో ఉంటున్న 60 వేల మందికే హజ్ అవకాశమిచ్చింది. వారూ టీకా వేసుకున్నవారే.

నా ఒళ్ళు నా ఇష్టమా?

మూడో సోదరుడి మాటే అన్నింటికంటే బరువైనది. ఇది ఒక్క హనుమాన్ జంక్షన్ మాట కాదు. 2021 ఆగస్టులో అమెరికాకు చెందిన యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తమ ఉద్యోగులంతా టీకా వేసుకోవాలని షరతు పెట్టింది. మతపరమైన మినహాయింపు పొందినవారిని కూడా వేతనం లేని సెలవు మీద పంపడంతో వివాదం కోర్టుకెక్కింది. అదే నెలలో ఆస్ట్రేలియా సంస్థ క్వాంటస్ తన 22 వేల మంది సిబ్బందికీ టీకా తప్పనిసరి అంది. మన దేశంలో జరిగింది దీనికి పూర్తిగా విరుద్ధం. 2021 మేలో ఎయిర్ ఇండియా పైలట్ల సంఘం తమకు టీకా వేయకపోతే విమానాలు నడపబోమని హెచ్చరించింది. ఒకచోట వేయొద్దని, మరోచోట వేయమని! టీకా కావాలన్నవారూ వద్దన్నవారూ నోరు తెరిచి చెప్పింది ఒకటే, మా ప్రాణం మాది.

ఇస్లాం ఈ మాటను కొద్దిగా సరిదిద్దుతుంది. ప్రాణం మనది కాదు. అది అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. యజమానికి ఇష్టం ఉంటుంది, అమానతుదారుకు బాధ్యత ఉంటుంది. పైగా ఆ బాధ్యత మన ఒంటితో ఆగదు. ఓడ దృష్టాంతం గుర్తు చేసుకోండి. కొందరు ఓడ పైఅంతస్తులో, కొందరు కింది అంతస్తులో ఉన్నారు. కిందివారు నీళ్ళ కోసం పైకి వెళ్ళి అందరినీ ఇబ్బంది పెట్టడమెందుకని తమ భాగంలో రంధ్రం చేసుకోవాలనుకున్నారు. వారి ఉద్దేశం చెడ్డదేమీ కాదు. చోటూ వారిదే. కాని పైవారు వారి చేతులు పట్టుకోకపోతే అందరూ మునుగుతారు, పట్టుకుంటే అందరూ బయటపడతారు. దైవప్రవక్త (సఅసం) బోధించిన ఈ దృష్టాంతం విమానంలో పనిచేసేవారికి చెప్పనక్కర్లేకుండానే అర్థమవుతుంది.

మామిడి రైతులకైతే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. పండు ఈగ పట్టి రాలిన కాయలను ఏరి నాశనం చేయకుండా ఒక రైతు వదిలేస్తే ఏమవుతుంది? తోట ఆయనదే, కాయలూ ఆయనవే. కాని ఆ కాయల్లోని పురుగులు ఈగలై పక్క తోటల కాపును పాడుచేస్తాయి. తన గట్టు లోపల చేసిన నిర్లక్ష్యానికి గట్టు అవతలివాడు నష్టపోతాడు. అంటువ్యాధి స్వభావమూ ఇదే.

అయితే ఇక్కడ న్యాయంగా రెండు మాటలు చెప్పాలి. మొదటిది, టీకా వేసుకుంటే వ్యాధి ఇతరులకు అసలే సోకదని అప్పట్లో కొందరు చెప్పిన మాట పూర్తిగా నిలబడలేదు. ముఖ్యంగా 2021 చివర్లో ఒమిక్రాన్ వచ్చాక టీకా వేసుకున్నవారికీ సోకింది, వారి నుంచి ఇతరులకూ సోకింది. వ్యాధి ముదిరి ప్రాణాల మీదికి రాకుండా కాపాడటంలో మాత్రం టీకా గట్టిగా పనిచేసింది. కనుక ఇతరుల కోసం అనే వాదనకు ఎంత బలం ఉందో అంతే చెప్పాలి. మంచి పని కోసమైనా అతిశయోక్తి చెబితే, అది బయటపడిన రోజున నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

రెండోది, బలవంతం. మన సుప్రీంకోర్టు 2022 మే 2న ఇచ్చిన తీర్పులో ఎవరినీ బలవంతంగా టీకా వేసుకోమనలేరని, శరీరంపై హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందికి వస్తుందని స్పష్టం చేసింది. అదే సమయంలో, సమాజ ఆరోగ్యం కోసం సహేతుకమైన ఆంక్షలు విధించే అధికారం ప్రభుత్వానికి ఉందనీ చెప్పింది. ఈ సమతూకం మన ధర్మశాస్త్ర పండితులు చెప్పే సూత్రానికి దగ్గరగానే ఉంది: తాను నష్టపోకూడదు, ఇతరులను నష్టపరచకూడదు. ఓడలో పైవారు చేతులు పట్టుకోవాలన్నారే గాని కిందివారిని సముద్రంలోకి తోసేయమనలేదు. టీకా వేసుకోలేనివాడికి మాస్కు, పరీక్షలు, ప్రయాణికులకు దూరంగా ఉండే పని వంటి మార్గాలు చూపకుండా కూడు తీసేయడం న్యాయం కాదు. అలాగే టీకా వద్దనుకున్న ఉద్యోగి ఆ మార్గాలను నిజాయితీగా పాటించాలి. దొంగ సర్టిఫికెట్ కొనుక్కుని పనిలోకి వెళ్ళడం మాత్రం ఏ వాదనతోనూ ధర్మసమ్మతం కాదు. అది స్వేచ్ఛ కాదు, మోసం.

భయపడినవారి విషయం

టీకా వల్ల కీడు జరుగుతుందేమోనని భయపడినవారినీ మేము నిందించము. ఆస్ట్రాజెనెకా టీకా అత్యంత అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య కలిగించగలదని తేలింది. 2021 వసంతంలోనే కొన్ని ఐరోపా దేశాలు దాన్ని పెద్ద వయసువారికే పరిమితం చేశాయి. 2024లో ఇంగ్లాండు కోర్టు పత్రాల్లో ఆ సంస్థ ఈ అవకాశాన్ని అంగీకరించిన వార్త మన పత్రికల్లోనూ వచ్చింది. మన దేశంలో కూడా విమాన పైలట్లు టీకా వేసుకున్న తర్వాత 48 గంటలు విమానం నడపరాదని డి.జి.సి.ఎ. 2021 మార్చిలోనే నిబంధన పెట్టింది. అంటే జాగ్రత్త అనవసరమని ఎవరూ అనలేదు.

కాని జాగ్రత్తపరుడు రెండు పళ్ళేలలోనూ తూకం వేస్తాడు. ఒకవైపు లక్షల్లో ఏ ఒక్కరికో వచ్చే కీడు. మరోవైపు ఆ ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ దొరక్క ఊపిరాడని మనుషులు, ఖబరస్తాన్లలో వరుసగా తవ్విన గుంటలు. వేసుకుంటే వచ్చే ప్రమాదాన్ని మాత్రమే లెక్కించి, వేసుకోకపోతే వచ్చే ప్రమాదాన్ని లెక్కించకపోవడం తూకం కాదు, తూకంలో మోసం. ఆ మోసానికి ముందు నష్టపోయేది మనమే.

రమజాన్ అయ్యాక

ఇక నాలుగో సోదరుడు. ఆయనకు టీకా మీద ఏ అభ్యంతరమూ లేదు. డెబ్భై దాటిన తల్లి ఇంట్లో ఉంది, ఆమెకు షుగరు. ఆమె కూడా టీకాకు అర్హురాలే. ఉపవాసంలో సూది వేయించుకుంటే రోజా భంగమవుతుందేమోనని, జ్వరం వస్తే రోజా తప్పుతుందేమోనని ఆమె సంకోచించింది. పండుగ అయ్యాక ఇద్దరం కలిసి వెళదాంలే అమ్మా అన్నాడు ఆయన. కండరానికి వేసే టీకా ఆహారం కాదు కాబట్టి దాని వల్ల రోజా భంగం కాదని పండితులు అప్పటికే చెప్పారు. ఆ మాట వారి ఇంటిదాకా చేరలేదు. చేర్చవలసినవారిలో మేమూ ఉన్నాము. ఆ రోజు మసీదు వరండాలో వాదించినవారికి జవాబులు చెప్పాము గాని, వాదించని ఈయనను ఎందుకు వాయిదా వేస్తున్నారని అడగలేదు.

రమజాన్ చివరి పది రోజుల్లో ఇంట్లో ఇద్దరికీ జ్వరం వచ్చింది. ఆయన కోలుకున్నాడు. తల్లి పండుగ చూడలేదు.

చాలా నెలల తర్వాత ఆయన మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇది: విమానాశ్రయం నుంచి జబ్బు నేనే మోసుకొచ్చానా? ఆ రోజే తీసుకెళ్ళి ఉంటే అమ్మ బతికేదా?

పాఠకులారా! ఇన్ని వాదాలకు జవాబు చెప్పగలిగినా ఈ ప్రశ్న దగ్గర మాట తడబడుతుంది. ఏమీ కాదులే, అంతా రాసిపెట్టి ఉన్నదేలే అంటే అది మొదటి సోదరుడి వాదమే అవుతుంది. నీవల్లే అంటే అది అబద్ధం. ఆ రోజుల్లో జబ్బు ఎక్కడ సోకిందో చెప్పగలవారెవరు? ఏప్రిల్‌లో మొదటి డోసు వేసుకున్నా మేలో అది ఎంత కాపాడేదో నిశ్చయంగా చెప్పగలవారెవరు?

ధర్మం ఇక్కడ ఒక గీత గీసింది. జరగబోయే దాని ముందు నిలబడినప్పుడు బాధ్యత గురించి ఆలోచించాలి. జరిగిపోయిన దాని ముందు నిలబడినప్పుడు విధివ్రాతను స్మరించాలి. మేలు చేసే దాని కోసం ప్రయత్నించమని, అల్లాహ్ సహాయం కోరమని, అసమర్థతకు లొంగవద్దని, ఆ తర్వాత ఏదైనా ఆపద వస్తే అలా చేసి ఉంటే అని అనుకోవద్దని, ఆ మాట షైతాను పనికి తలుపు తెరుస్తుందని దైవప్రవక్త (సఅసం) బోధించారు. మనం చేసే పొరపాటు ఏమిటంటే ఈ రెంటినీ తలకిందులు చేయడం. చేయవలసిన రోజున విధివ్రాత అంటాము, చేయి దాటిన రోజున అలా చేసి ఉంటే అని కుమిలిపోతాము.

ఆ సోదరుడికి మేము చెప్పింది ఇంతే. మీరు వాయిదా వేసినది తల్లి మీద నిర్లక్ష్యంతో కాదు, ఆమె రోజా మీద గౌరవంతో. అందులో లోపం ఉంటే క్షమించమని అల్లాహ్‌ను వేడుకోండి, ఆయన క్షమాశీలి. ప్లేగుతో మరణించిన విశ్వాసికి షహీదు ప్రతిఫలం ఉందని హదీసులో ఉంది. మీ తల్లి విషయంలోనూ ఆ కారుణ్యాన్నే ఆశించండి. ఆమె పేర సదఖా చేయండి. వాయిదా వేస్తున్న మరో కొడుకు మీకు కనబడితే, మేము మిమ్మల్ని అడగని ప్రశ్న మీరు ఆయన్ని అడగండి.

ఆయన ఆ పని చేస్తున్నాడు. పోలియో చుక్కల రోజున మా వీధిలో పిల్లల్ని వెంటబెట్టుకుని కేంద్రానికి తీసుకెళ్ళేది ఆయనే. ఒకప్పుడు ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల్లో మన సమాజంలోనే పోలియో చుక్కల మీద ఎన్నో అపోహలుండేవి. ఉలమాలు, ఇమాములు నడుం కట్టి ఇంటింటికీ నచ్చచెప్పారు. 2014 మార్చిలో భారతదేశం పోలియో రహితమని ధ్రువీకరణ పొందింది. అక్కడ పనిచేసింది బలవంతం కాదు, మనవాడు అని నమ్మిన మనిషి చెప్పిన మాట.

ఒక ప్రాణాన్ని కాపాడటం సమస్త మానవాళినీ కాపాడినట్లని నమ్మే సమాజం మనది. ఆ ప్రాణం ముస్లిందా, కాదా అన్న భేదం అందులో లేదు. 2020 ఆగస్టు 7న దుబాయి నుంచి వచ్చిన విమానం కోజికోడ్‌లో కూలినప్పుడు, కరోనా ఆంక్షల మధ్య, జోరువానలో, చుట్టుపక్కల మలప్పురం వాసులు పరుగెత్తి వెళ్ళి క్షతగాత్రులను చేతుల మీద మోశారు. ఆ తర్వాత క్వారంటైన్‌కు వెళ్ళారు. వారు విధివ్రాతను నమ్మినవారే. నమ్మారు కాబట్టే ప్రాణాలకు తెగించారు. బాధ్యత తెలుసు కాబట్టే ఇతరులకు సోకకుండా దూరంగా ఉన్నారు. తవక్కుల్ అంటే ఏమిటో ఇంతకంటే బాగా మేము వివరించలేము.

అల్లాహ్ మనకు చేయవలసిన వేళ చేసే శక్తిని, చేయి దాటిన వేళ సహనాన్ని, ఈ రెంటికీ తేడా తెలుసుకునే వివేకాన్ని ప్రసాదించుగాక! ఆ మహమ్మారిలో మనల్ని విడిచి వెళ్ళినవారిని తన కారుణ్యఛాయలోకి తీసుకొనుగాక! ఆమీన్.